దస్తావేజులు రాసిన చేత్తోనే



మీ ఇంట్లో ఇంజనీరింగు మొదటి సంవత్సరం గట్టెక్కిన పిల్లలెవరైనా ఉంటే కేలీ-హామిల్టన్ సిద్ధాంతం అంటే ఏమిటని ఒకసారి అడిగి చూడండి. "అదా, పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న" అంటారు. సిద్ధాంతం గడగడా అప్పజెబుతారు, లెక్క కూడా చేసి చూపిస్తారు. ఆ కేలీ ఎవరు నాయనా అని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. అది వాళ్ళ తప్పు కాదు. మన లెక్కల పుస్తకాల్లో పేర్లుంటాయి గానీ మనుషులుండరు. అందుకని ఈ పూట ఆ పేరు గల మనిషి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఆర్థర్ కేలీ 1821 ఆగస్టు 16న ఇంగ్లండులో సర్రే ప్రాంతంలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. పుట్టడం అక్కడే గానీ, పెరిగింది రష్యాలో. తండ్రి హెన్రీ కేలీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడ్డ ఇంగ్లీషు వర్తకుడు. పిల్లవాడికి ఎనిమిదేళ్ళు వచ్చేదాకా కుటుంబం అక్కడే ఉంది. 1829లో లండనుకు తిరిగి వచ్చారు. పద్నాలుగో ఏట కింగ్స్ కాలేజీ స్కూల్లో చేరాడు. పొడుగు పొడుగు కూడికలూ గుణకారాలూ చేయడమంటే ఆ వయసులోనే అతనికి కాలక్షేపం. కొడుకును తన వ్యాపారంలో పెట్టాలని తండ్రి ఆశ. స్కూలు పెద్ద నచ్చజెప్పిన మీదట ఆ ఆశ వదులుకుని, పదిహేడో ఏట కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీకి పంపాడు.

ఆ రోజుల్లో కేంబ్రిడ్జిలో లెక్కల పరీక్ష అంటే మన ఐఐటీ ప్రవేశపరీక్షను మించిన పోటీ. మొదటి తరగతిలో నెగ్గినవాళ్ళని రాంగ్లర్లు అనేవారు. వాళ్ళందరిలో ప్రథముడు సీనియర్ రాంగ్లర్. ఆ మాటకు ఎంత విలువంటే, 1899లో ఆ స్థానం అందుకున్న మహారాష్ట్రుడు పరాంజపేని మన దేశంలో జీవితాంతం రాంగ్లర్ పరాంజపే అనే పిలిచారు. కేలీ 1842లో సీనియర్ రాంగ్లర్ అయ్యాడు. వెనువెంటనే జరిగే స్మిత్ ప్రైజు పోటీలోనూ ఆయనదే మొదటి బహుమతి.

అప్పటికి ఏడాది ముందే, ఇంకా విద్యార్థిగా ఉండగానే, ఆయన మొదటి వ్యాసం అచ్చయింది. అందులో ఒక చిన్న సంగతి ఉంది. నిర్ధారకం రాసేటప్పుడు అంకెలకు అటొకటి ఇటొకటి నిలువు గీతలు పెడతాం కదా, ఇంటర్మీడియెట్ చదివిన ప్రతివాళ్ళూ గీసే గీతలే, అవి మొదట కనిపించేది 1841 నాటి ఆ వ్యాసంలో. గీసింది ఇరవయ్యేళ్ళ కుర్రాడు.

ట్రినిటీ కాలేజీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది. బతుకు సాఫీగా సాగిపోవలసిందే. కాకపోతే ఒక మెలిక ఉంది. ఆ ఫెలోషిప్పు కొన్నేళ్ళు దాటి నిలవాలంటే చర్చిలో మతాచార్యుడిగా దీక్ష తీసుకోవాలి. కేలీ భక్తుడే, కానీ ఆ దీక్ష ఆయనకు ఇష్టం లేదు. గణిత ఆచార్య పదవులేమో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఉన్నవాళ్ళు దిగేదాకా ఖాళీ రాదు. అందుకని 1846లో లండను వెళ్ళి లింకన్స్ ఇన్‌లో న్యాయశాస్త్రం చదవడానికి చేరాడు. 1849లో వకీలు పట్టా పుచ్చుకున్నాడు.

వకీలు అనగానే కోర్టులో గొంతెత్తి వాదించే మనిషిని ఊహించుకోకండి. ఈయన చేసింది ఆస్తి బదిలీ దస్తావేజులూ వీలునామాలూ పెళ్ళి ఒప్పందాలూ రాసిపెట్టే పని. బల్ల ముందు కూర్చుని, ఎవరి పొలం ఎవరికి పోతుందో, ఎవరి తదనంతరం ఎవరు హక్కుదారో, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా తేల్చి రాయాలి. అందులో మంచి పేరు తెచ్చుకున్నాడు. కావాలనుకుంటే బాగా గడించేవాడే. కానీ కావలసినంత సంపాదన అందగానే మిగతా పని వద్దనేవాడు, పొద్దు మిగుల్చుకోవడానికి. ఆ మిగిలిన పొద్దంతా గణితానికే. అలా 14 ఏళ్ళు గడిచాయి. ఆ 14 ఏళ్ళలోనూ ఆయన అచ్చేసిన గణిత పత్రాలు 200కు పైమాటే. గణితంలో ఉద్యోగం లేదు, శిష్యులు లేరు, ఎవరూ అడగనూ లేదు.

లింకన్స్ ఇన్ రోజుల్లో దొరికిన స్నేహం ఒకటుంది. జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ అని, కేలీ కన్నా ఏడేళ్ళు పెద్ద. 1837లో కేంబ్రిడ్జిలో రెండో రాంగ్లర్‌గా నెగ్గాడు. అయినా పట్టా ఇవ్వలేదు. ఆయన యూదుడు. ఇంగ్లండు చర్చి మతసూత్రాలు ముప్పైతొమ్మిదింటికీ ఒప్పుకుంటున్నానని సంతకం పెడితేనే పట్టా. ఆయన పెట్టలేదు. కేంబ్రిడ్జి మనసు మార్చుకుని పట్టా ఇచ్చింది 1872లో. ఈలోగా సిల్వెస్టర్ జీవిత బీమా కంపెనీలో లెక్కలు వేస్తూ, పక్కన న్యాయశాస్త్రం చదువుతూ కాలక్షేపం చేస్తున్నాడు. కేలీ నిదానస్తుడు, మితభాషి. సిల్వెస్టర్ ఆవేశపరుడు, కవిత్వం పిచ్చి, కొత్త గణిత పదాలు పుట్టించడం మహా సరదా. ఈ ఇద్దరూ లింకన్స్ ఇన్ ప్రాంగణంలో పచార్లు చేస్తూ మాట్లాడుకునేది దావాల గురించి కాదు, బీజగణితం గురించి. పందొమ్మిదో శతాబ్ది ఇంగ్లీషు బీజగణితంలో సగం ఆ పచార్లలోనే తయారైందంటే నేను ఒప్పుకుంటాను.

ఏం మాట్లాడుకునేవాళ్ళు? ఒక ఉదాహరణ చెబుతాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ అయిదు ఎక్స్ ప్లస్ ఆరు తీసుకోండి. పదో తరగతి లెక్కే. దీని విచక్షణి, అంటే బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, ఎంత? అయిదు అయిదులు ఇరవై అయిదు, అందులో ఇరవై నాలుగు పోతే ఒకటి. ఇప్పుడు ఎక్స్ ఉన్న ప్రతిచోటా ఎక్స్ ప్లస్ ఒకటి అని మార్చి రాయండి. ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఏడు ఎక్స్ ప్లస్ పన్నెండు వస్తుంది. అయిదు ఏడైంది, ఆరు పన్నెండైంది. విచక్షణి చూడండి. ఏడు ఏళ్ళు నలభై తొమ్మిది, అందులో నలభై ఎనిమిది పోతే మళ్ళీ ఒకటే! సమాసం వేషం మార్చినా లోపల మారనిది ఒకటుందన్న మాట. ఇలా మారకుండా నిలిచేవాటికి ఇన్వేరియంట్లు అని పేరు పెట్టింది సిల్వెస్టర్. ఎన్ని రకాల మారని రాశులున్నాయి, దేన్నుంచి ఏది పుడుతుంది అని వెతకడం కేలీకి జీవితవ్రతం అయిపోయింది. 1854 నుంచి 1878 దాకా ఆ విషయం మీద పది పెద్ద పత్రాలు రాశాడు. వాటి నిండా పట్టికలే పట్టికలు. దస్తావేజులో సరిహద్దులు రాసినంత ఓపిగ్గా రాశాడు. నిజం చెప్పొద్దూ, చదవడానికీ దస్తావేజుల్లాగే ఉంటాయి.

ఇంత పనీ చేసి ఒకచోట బోల్తా పడ్డాడు. ఇన్వేరియంట్లూ, వాటి కోవలోవే అయిన కోవేరియంట్లూ కలిపి, మిగతావన్నీ వేటి నుంచి పుడతాయో ఆ మూలరాశుల జాబితా, ఘాతం తక్కువున్న సమాసాలకు ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. అయిదో ఘాతం దగ్గర మాత్రం జాబితాకు అంతే లేదని 1856లో తేల్చేశాడు. పన్నెండేళ్ళ తర్వాత జర్మనీలో పాల్ గోర్డాన్ అనే గణితజ్ఞుడు అదేం కాదు, అయిదో ఘాతానికే కాదు, రెండు చలరాశుల్లో ఏ ఘాతానికైనా జాబితా ముగిసి తీరుతుందని నిరూపించాడు. అయిదో ఘాతానికి మొత్తం ఇరవై మూడు. కేలీ బిడియపడలేదు, తగాదా పడలేదు. ఆ ఫలితాన్ని తీసుకుని తన తొమ్మిదో పత్రంలో మొత్తం లెక్క తిరగరాశాడు. ఆ తర్వాత 1890లో హిల్బర్ట్ అనే మరో జర్మను గణితజ్ఞుడు వచ్చి, పట్టికలతో పని లేకుండానే, చలరాశులు ఎన్నున్నా జాబితా ముగుస్తుందని ఒక్క దెబ్బతో తేల్చాడు. దాంతో కేలీ పట్టికలు పోసిన పద్ధతి మూలపడింది. పాతికేళ్ళ వ్రతం!

ఇప్పుడు రెండో కథ. ఆ పది పత్రాల నడుమ, 1858లో, కేలీ పక్కదారిలో ఒక చిన్న పత్రం రాశాడు. రాయల్ సొసైటీ పత్రికలో అది ఇరవై ఒక్క పేజీలు. విషయం మాత్రికలు. పేరు అంతకు ముందే, 1850లో, సిల్వెస్టర్ పెట్టాడు. అంకెల్ని అడ్డు వరుసలు, నిలువు వరుసలుగా పేర్చడం కేలీకి ముందు కూడా ఉన్నదే. ఆయన కొత్తగా అన్నదేమిటంటే, ఈ చతురస్రం మొత్తాన్ని ఒకే ఒక్క వస్తువుగా చూద్దాం, అంకెను అంకెతో కూడినట్టు దీన్ని కూడదాం, గుణిద్దాం, వీలైతే భాగిద్దాం అని. వినడానికి ఎంత మామూలుగా ఉంది! అప్పటిదాకా ఎవరూ అంత తిన్నగా అనలేదు.

అలా గుణించబోతే ఒక చిక్కు వచ్చిపడింది. మూడు నాలుగులన్నా నాలుగు మూళ్ళన్నా పన్నెండే. మాత్రికలకు ఆ హామీ లేదు. ఏది ముందు, ఏది వెనక అన్న దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. వంటింట్లో ఇది అందరికీ తెలిసిందే. నూనె కాగాక ఆవాలు వేస్తే తాలింపు, పప్పులో ఆవాలు పోసి తర్వాత పచ్చి నూనె పోస్తే అది ఇంకేదో. కానీ గణితంలో ఈ వరస తేడాని ఒప్పుకోవడానికి ధైర్యం కావలసి వచ్చింది. డబ్లిన్‌లో గణితజ్ఞుడు హామిల్టన్, సిద్ధాంతం పేరులోని రెండోవాడు, 1843లో క్వాటర్నియన్లు అనే కొత్తరకం సంఖ్యలతో ఆ గడప దాటాడు. కేలీ డబ్లిన్ వెళ్ళి హామిల్టన్ ఉపన్యాసాలు విని వచ్చినవాడే.

దగ్గర్లో కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. పై వరుసలో ఒకటి, రెండు రాయండి. కింది వరుసలో మూడు, నాలుగు. అదే మన మాత్రిక. దాన్ని దానితోనే గుణిద్దాం. పై అడ్డు వరుసని మొదటి నిలువు వరుసతో: ఒకటి ఒకట్లు ఒకటి, రెండు మూళ్ళు ఆరు, వెరసి ఏడు. అదే అడ్డు వరుసని రెండో నిలువు వరుసతో: ఒకటి రెళ్ళు రెండు, రెండు నాలుగులు ఎనిమిది, వెరసి పది. కింది అడ్డు వరుస: మూడు ఒకట్లు మూడు, నాలుగు మూళ్ళు పన్నెండు, పదిహేను. మూడు రెళ్ళు ఆరు, నాలుగు నాలుగులు పదహారు, ఇరవై రెండు. అంటే వర్గం ఏమైంది? పైన ఏడు, పది. కింద పదిహేను, ఇరవై రెండు.

ఇంకో దారిన వద్దాం. మొదటి మాత్రికలో ఐమూలగా ఉన్న ఒకటి, నాలుగు కలిపితే అయిదు. అది గుర్తుంచుకోండి. రెండో ఐమూలలో రెండు మూళ్ళు ఆరు. అందులోంచి ఒకటి నాలుగుల లబ్ధం నాలుగు తీసేస్తే రెండు. అదీ గుర్తుంచుకోండి. ఇప్పుడు మొదటి మాత్రికలో ప్రతి అంకెనీ అయిదు పెట్టి గుణించండి. పైన అయిదు, పది. కింద పదిహేను, ఇరవై. ఒకటి, నాలుగు ఉన్న ఐమూల మీద చెరొక రెండు వేయండి. అయిదు ఏడైంది, ఇరవై ఇరవై రెండైంది. పైన ఏడు, పది. కింద పదిహేను, ఇరవై రెండు. మాత్రికను మాత్రికతో గుణించకుండానే వర్గం వచ్చేసింది! ఏ అంకెలు పెట్టినా ఇలాగే వస్తుంది. మాత్రిక ఎంత పెద్దదైనా, దాని ఘాతాల మధ్య ఇలాంటి ఒక సమీకరణం ఉండి తీరుతుంది. కేలీ-హామిల్టన్ సిద్ధాంతం అంటే ఇదే.

మరి దీనికి కేలీ ఇచ్చిన రుజువేది? ఇవ్వలేదు. రెండు వరుసల మాత్రికకు లెక్క చేసి చూపించాడు. మూడు వరుసల దానికి కూడా సరిచూశానని చెప్పాడు. ఎన్ని వరుసలున్నా నిజమేనని రుజువు చేసే శ్రమ తనకు అవసరం అనిపించలేదని రాసి, ముందుకు సాగిపోయాడు! మన పిల్లలెవరైనా పరీక్షలో అలా రాస్తే సున్నా చుట్టి చేతికిస్తారు. సర్వసాధారణమైన రుజువు 1878లో జర్మను గణితజ్ఞుడు ఫ్రోబెనియస్ ఇచ్చాడు. కేలీ అంత ఉదాసీనంగా ఎందుకున్నాడంటే నాకు తోచేది ఒకటే. ఆయన దృష్టి అప్పుడు ఇన్వేరియంట్ల మీద ఉంది. ఇది ఆయనకు పక్కపని. పది పత్రాలు రాసిన పని అటకెక్కింది, ఒక్క పత్రం రాసిన పక్కపని ఇవాళ ప్రతి ఇంజనీరింగు కాలేజీలోనూ పాఠమైంది.

ఇలాంటి పక్కపనులు ఇంకా ఉన్నాయి. 1854లో సమూహాల మీద రాసిన పత్రంలో, అంకెలేవో చిహ్నాలేవో పట్టించుకోకుండా, వాటిని కలిపే నియమం ఒక్కదాన్నే పట్టుకుని సమూహాన్ని నిర్వచించే ప్రయత్నం చేశాడు. గుణకారం ఎక్కంలా ఒక పట్టిక గీశాడు. బీఎస్సీలో ఇవాళ కేలీ పట్టిక అని చెప్పేది అదే. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1857లో చెట్ల మీద రాశాడు. చెట్లంటే కొమ్మలు చీలే గీతల బొమ్మలు. తర్వాత ఆ చెట్లనే రసాయనశాస్త్రానికి వాడి, ఇన్ని కార్బన్ పరమాణువులుంటే ఎన్ని రకాల పదార్థాలు కుదురుతాయని లెక్కగట్టాడు. మన వంటగ్యాసులో ఉండే బ్యూటేన్‌కు నాలుగు కార్బన్లు. వాటిని రెండే రెండు రకాలుగా అమర్చవచ్చు. అయిదు కార్బన్లకు మూడు రకాలు, ఆరుకు అయిదు, ఏడుకు తొమ్మిది.

1863లో రోజులు మారాయి. పద్దెనిమిదో శతాబ్ది మొదట్లో లేడీ మేరీ సాడ్లియర్ అనే ఆవిడ కేంబ్రిడ్జి కాలేజీల్లో బీజగణితం చెప్పించమని వీలునామాలో కొంత ఆస్తి వదిలి వెళ్ళింది. ఆ సొమ్ముతోనే విశ్వవిద్యాలయం కొత్తగా శుద్ధగణిత పీఠం ఒకటి నెలకొల్పింది. వీలునామాలు రాసే కేలీకి ఒక వీలునామా పుణ్యాన ఆచార్య పదవి దక్కిందన్న మాట. జీతం వకీలుగా వచ్చే సంపాదనకన్నా బాగా తక్కువ. ఆయన క్షణం తటపటాయించినట్టు లేదు. అదే ఏడాది సూసన్ మోలిన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఒక కొడుకు, ఒక కూతురు. మిగతా ముప్పై రెండేళ్ళూ కేంబ్రిడ్జిలోనే గడిచాయి. నవలలు విపరీతంగా చదివేవాడు, నీటిరంగుల బొమ్మలు వేసేవాడు, కొండలెక్కేవాడు. బోధకుడిగా మాత్రం అంతంతమాత్రమే. అప్పుడే కనిపెట్టినదాన్ని అప్పుడే చెప్పేవాడు. పరీక్షకు పనికిరాని పాఠం వినడానికి ఎంతమంది వస్తారు? గదిలో పట్టుమని పదిమంది ఉండేవారు కాదు.

ఆ కొద్దిమందిలో ఒకామె గురించి చెప్పాలి. షార్లెట్ అంగాస్ స్కాట్ గర్టన్ కాలేజీ విద్యార్థిని. 1880లో ఆడపిల్లల్ని రాంగ్లర్ పరీక్ష రాయనిచ్చారు గానీ అధికారికంగా కాదు. ఆమెకు ఎనిమిదో స్థానంతో సమానమైన మార్కులు వచ్చాయి. పట్టాల సభలో ఎనిమిదో పేరు చదవబోతుంటే మగ విద్యార్థులే "స్కాట్ ఆఫ్ గర్టన్" అని కేకలేసి మోత మోగించారు. అయినా పట్టా లేదు. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు పట్టాలిచ్చింది 1948లో! కేలీ ఆమెకు పరిశోధనలో దారి చూపాడు. 1885లో ఆమె లండను విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకుని, కేలీ సిఫారసుతో అమెరికాలోని బ్రిన్ మార్ కాలేజీకి ఆచార్యురాలిగా వెళ్ళింది. ఆడపిల్లల చదువు గురించి కేలీ ఉపన్యాసాలిచ్చి ఊరుకోలేదు. గర్టన్‌లో తొలినాళ్ళలో స్వయంగా పాఠాలు చెప్పాడు, న్యూన్‌హామ్ మహిళా కాలేజీ పాలకమండలికి కొన్నేళ్ళు అధ్యక్షత వహించాడు. స్నేహితుడికి పట్టా ఎందుకు రాలేదో తెలిసినవాడు కదా.

ఆ స్నేహితుడు సిల్వెస్టర్ 1876లో అమెరికా వెళ్ళి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యుడయ్యాడు. 1882లో కేలీని పిలిపించుకుని అక్కడ కొన్ని నెలలు పాఠాలు చెప్పించాడు. అదే ఏడాది కేలీకి రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం వచ్చింది.

కేలీ 1895 జనవరి 26న కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. ఆయన పత్రాలు మొత్తం 967. వాటిని 13 పెద్ద సంపుటాలుగా కేంబ్రిడ్జి అచ్చువేసింది. మొదటి ఏడూ ఆయనే దగ్గరుండి దిద్దుకున్నాడు, మిగతావి పీఠంలో ఆయన తర్వాత వచ్చిన ఫోర్సైత్ పూర్తిచేశాడు. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి రప్పించిన హార్డీ 1931లో ఎక్కిందీ ఆ పీఠమే.

మాత్రికల కథ మాత్రం ఆయనతో ఆగలేదు. 1925లో హైసెన్‌బర్గ్ అనే ఇరవై మూడేళ్ళవాడు పరమాణువుల లెక్కలు కొత్త పద్ధతిలో చేస్తుంటే, గుణకారంలో వరస మారిస్తే జవాబు మారుతోందని కంగారుపడ్డాడు. ఆయన పెద్ద మాక్స్ బార్న్ ఆ కాగితాలు చూసి ఇవి మాత్రికలే కదా అని గుర్తుపట్టాడు. క్వాంటం యాంత్రికశాస్త్రం అక్కణ్ణుంచి సాగింది. మీ ఫోన్లో ఫోటో తిప్పినా, కంప్యూటరు మనిషి మాట పోల్చుకున్నా, లోపల జరిగేది ఎక్కువభాగం ఈ మాత్రికల గుణకారమే.

చివరగా లెక్కల మాస్టార్లకూ విద్యార్థులకూ ఒక మనవి. 1858 నాటి ఆ ఇరవై ఒక్క పేజీల పత్రం ఇవాళ అంతర్జాలంలో ఎవరికైనా దొరుకుతుంది. అందులో ఉన్న గణితం మన ఇంటర్మీడియెట్ స్థాయి దాటేది చాలా తక్కువ. ఒకసారి తెరిచి చదవండి. మూడు వరుసల మాత్రికకు సరిచూశానని కేలీ అన్న చోట ఆగి, ఆయన కాగితం మీద పెట్టకుండా వదిలేసిన ఆ లెక్క మీరు చేయండి. ఓ గంట పట్టవచ్చు.